తెర వెనక నాడి

మూడు రోజులుగా రేవణయ్య మజ్జిగను ముందు కాకికి పెట్టి, అది తాగి నిక్షేపంగా ఎగిరిపోయేదాకా చూసి, ఆ తర్వాతే తను తాగుతున్నాడు.

కారణం లేకపోలేదు. తుమ్మలకోన మఠంలో వసనాభి ముక్క ఒకటి మాయమైంది. వసనాభి అడవిలో దొరికే వేరు. శుద్ధి చేసి వైద్యుడి చేతి మీదుగా ఇస్తే మందు. పచ్చిగా కడుపులోకి పోతే విషం. శుద్ధి చేయడానికని ఏడు ముక్కలు దారానికి గుచ్చి, గోమూత్రం కుండలో వేసి, ఎండలో పెట్టింది రేవణయ్యే. మూడో రోజు పొద్దున కుండ మూత తీస్తే దారానికి ఆరే ఉన్నాయి.

ఆ ఏడో ముక్క ఏమైందో ఆ తర్వాత కూడా తెలియలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. దొంగ దొరుకుతాడని చివరిదాకా కాచుకుని కూర్చున్నవాళ్లు నన్ను తిట్టుకోకూడదు గదా.

మఠానికి గురువు పంచాక్షరయ్యగారు. శివపూజ చేయించే జంగమస్వామి, వైద్యుడు కూడా. చుట్టుపక్కల ఊళ్ల రోగులంతా కొండెక్కి ఆయన చాప ముందు కూర్చునేవాళ్లు. ఆయన దగ్గర తొమ్మిదేళ్లుగా వైద్యం నేర్చుకుంటున్నవాడు రేవణయ్య. నాడి చూడటంలో గట్టివాడు. మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి, పొద్దున సంగటి తిన్నావా, అన్నం తిన్నావా అని చెప్పేసేవాడు. రోగులు నోరు తెరిచి చూసేవాళ్లు. ఆ తెరిచిన నోళ్లను రేవణయ్య కాస్త ఎక్కువసేపే చూసేవాడు.

వచ్చే పున్నమికి గురువు తన చాప మీద అతన్ని కూర్చోబెడతారని అందరూ అనుకుంటున్నారు. అంటే ఇకమీదట మఠం వైద్యం అతని చేతిలోకి వస్తుంది. సరిగ్గా అప్పుడే అతను కాపలా ఉన్న కుండలోంచి విషం పోయింది. మాట ఊళ్లోకి పాకకముందే దొంగను పట్టుకోకపోతే తన పరువేం కావాలి?

మఠంలో ఉండేది గురువూ తనూ కాక ముగ్గురు. నలభై ఏళ్లుగా వంట చేస్తున్న బసవలింగం. నిరుడు చేరిన శిష్యుడు శాంతయ్య. మందులు నూరే సుంకమ్మ.

సుంకమ్మ డేరాల నుంచి వస్తుంది. ఊరికి ఆవల, వంక ఒడ్డున పన్నెండు డేరాలు. ఎక్కడెక్కడో తిరిగి మూడేళ్ల కిందట ఆ జనం అక్కడ దిగారు. ఊళ్లో కోడి కనపడకపోతే అందరూ ముందు అటే చూస్తారు. సాయంత్రానికి ఆ కోడి గడ్డివాములోంచి దిగొచ్చినా సరే, చూసిన చూపు మాత్రం వెనక్కి రాదు.

రేవణయ్య కూడా అటే చూశాడు. ముక్క పోయిన రోజు ఆమె పాడుకుంటూ కరక్కాయలు నూరింది. ఎంత ధైర్యం, అనుకున్నాడు. మర్నాడు పాడకుండా నూరింది. లోపలేదో దాస్తోంది, అనుకున్నాడు. ఆమె తలెత్తితే బుకాయింపు, తల దించితే తప్పు ఒప్పుకోలు. పాపం, ఆమెకు తల ఒక్కటే ఉంది. దాన్ని ఎటు తిప్పినా దొంగతలే అయింది.

మూడో రోజు రేవణయ్య అందరి నాడీ చూస్తానన్నాడు. వసారాలో ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, మణికట్టు పట్టుకుని, నాలుగు మాటలు చెప్పాలనుకున్నాడు. నీళ్లు, ఆవు, బెల్లం, వసనాభి. దొంగకు నాలుగో మాట దగ్గర నాడి తప్పక అదురుతుందని అతని లెక్క.

బసవలింగం దగ్గర నాలుగూ గబగబా అనేశాడు. శాంతయ్య దగ్గరా అంతే. సుంకమ్మ దగ్గర మాత్రం బెల్లం అన్న తర్వాత కాసేపు ఆగాడు. ఆమె కళ్లలోకి చూశాడు. గొంతు తగ్గించి "వసనాభి" అన్నాడు. అలా చేశానని అతనికే తెలియదు.

వేళ్ల కింద నాడి కప్ప గెంతినట్టు గెంతింది.

"ఏం సామీ, అట్ల సూస్తాండావు? నాకేమన్నా రోగమా?" అంది సుంకమ్మ.

"ఆ ముక్క ఏం చేసినావు?"

ఆమెకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. చెయ్యి విడిపించుకుంది.

"నేను తీసుకోలేదు సామీ. మూడేండ్లుగా మీ మందులన్నీ నా చేతుల మీదనే పోతాండాయి. తీసుకునేదాన్నయితే ఒక్క ముక్కతో ఆగుతానా?"

ఎంత తీసుకోవచ్చో ముందే లెక్క వేసుకున్నట్టుంది, అనుకున్నాడు రేవణయ్య. అప్పటికప్పుడే తలారి మాదన్నను పిలిచి ఊరి పెద్దరెడ్డికి కబురు పంపించాడు. మఠంలో దొంగతనం జరిగింది, రేపు మధ్యాహ్నంలోగా దొంగ పేరు చెబుతాం అని. పెద్దరెడ్డి తిరుగు కబురు పంపాడు. మఠం నోటి నుంచి పేరు రానీయండి చాలు, పొద్దు గుంకేలోగా డేరాలన్నీ ఎత్తించేస్తాను అని.

ఆ కబురు విని సుంకమ్మ రోలు పక్కనే కూలబడింది.

"డేరాలో మా అక్క పురుటిలో ఉంది సామీ. బిడ్డకు ఇంకా తొమ్మిది దినాలు నిండలేదు. ఎత్తమంటే ఎక్కడికని ఎత్తేది?" అంది. రేవణయ్యకు మనసులో ఎక్కడో కలుక్కుమంది. అయినా నాడి చెప్పాక మనమెవరం కాదనడానికి, అని సర్దిచెప్పుకుని గురువు దగ్గరికి పోయాడు.

పంచాక్షరయ్యగారు పెరట్లో శొంఠి కొమ్ములు విరుస్తున్నారు.

"స్వామీ, దొంగ దొరికింది."

"వసనాభి దొరికిందా?"

"లేదు స్వామీ. దొంగ దొరికింది."

"అదెట్లప్పా?"

"నాడి పట్టి చూసినాను. నాలుక అబద్ధమాడుతుంది గానీ నాడి ఆడదు."

గురువు ఇంకో కొమ్ము విరిచారు. "బసవలింగానిది ఎట్లుంది?"

"కదలనే లేదు స్వామీ."

"శాంతయ్యది?"

రేవణయ్య కొంచెం ఆగాడు. "ఎగిరింది. కానీ అది భయం స్వామీ. అతనిది వాత శరీరం. తలుపు చప్పుడైనా ఉలిక్కిపడతాడు."

"సుంకమ్మది?"

"అదీ ఎగిరింది. అది నేరం."

"ఏది భయమో, ఏది నేరమో నీ వేలికి ఎట్ల తెలిసింది?"

"వేలికేం తెలుస్తుంది స్వామీ? మనిషిని బట్టి తెలుస్తుంది గదా. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు."

"నీకు నాడి చూడటం పుట్టుకతోనే వచ్చిందా?"

"లేదు స్వామీ. మీరు నేర్పితే వచ్చింది."

"సుంకమ్మకు మందు నూరడం?"

"అదీ మీరు నేర్పిందే."

"అయితే దొంగతనం ఒక్కటీ ఎవరూ నేర్పకుండానే మూటగట్టుకుని వచ్చిందన్న మాట."

రేవణయ్య ముఖం ఎర్రబడింది. "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నది ఆమె స్వామీ, నేను కాదు."

గురువు విరిచిన ముక్కలన్నీ చేటలోకి ఎత్తి లేచారు.

"రేపు పొద్దున ఇంకోసారి చూద్దాం. వసారాలో ఘోషా తెర కట్టించు" అన్నారు.

ఘోషా తెర మఠానికి కొత్తది కాదు. కోటలో, పరాయి మగవాళ్ల కంటపడని పెద్ద ఇళ్ల ఆడవాళ్లకు జబ్బు చేస్తే గురువు వాళ్ల ఇళ్లకు వెళ్లేవారు. రేవణయ్య సంచి మోసుకుని వెంట నడిచేవాడు. అక్కడ రోగి తెరకు అవతల. వైద్యుడు ఇవతల. తెర చిల్లులోంచి పల్చటి గుడ్డ చుట్టిన చెయ్యి ఒకటి వస్తుంది. ముఖం చూడకుండా, మాట వినకుండా, గుడ్డ మీదనే వేళ్లు ఆనించి నాడి చెప్పాలి. రేవణయ్య అలా ఎందరికో చూసి చెప్పినవాడే.

తెర వాడకం తనకేమీ కష్టం కాదు. కానీ గురువు ఎందుకు కట్టమన్నారు? ఆ ప్రశ్న అతన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. నాడి చెప్పిన మాటను గురువే ఎందుకు అనుమానించాలి? డేరాల మనిషి మీద ఆయనకెందుకింత జాలి? మజ్జిగలోనో, కషాయంలోనో ఆయనకు ఏదైనా మందు పెట్టలేదు గదా! ముందుగా ఆమెను మఠంలోకి తెచ్చిందే ఆయన. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎవరూ పట్టించుకోలేదేం?

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. దానికి ఆకలేస్తే గురువును కూడా వదలదు. ఆ పూట రేవణయ్య గురువు ఇచ్చిన ప్రసాదాన్ని కూడా వాసన చూసి తిన్నాడు. తిన్నాక తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా వాసన చూడకుండా ఉండలేకపోయాడు.

పొద్దున వసారాలో తెర కట్టారు. మధ్యలో చెయ్యి పట్టేంత చిల్లు. రేవణయ్య ఇవతల చాప మీద కూర్చున్నాడు. అది గురువు చాప. ఆయనే కూర్చోమన్నారు. తలారి మాదన్న కబురు పట్టుకుపోవడానికి వచ్చి మెట్ల మీద గొంతుక్కూర్చున్నాడు. మిగిలినవాళ్లు గురువుతో పాటు అవతలికి వెళ్లారు.

తెర వెనక నుంచి గురువు గొంతు వినిపించింది.

"మామూలుగా ఆడవాళ్లకు ఎడమచెయ్యి చూస్తాం గదా, ఇవాళ ఆడా మగా తెలియకుండా అందరిదీ కుడిచెయ్యే. కాచిన వావిలాకు నీళ్లలో ముంచిన గుడ్డ చుట్టి పంపుతా. వాసనా తెలియదు. ఇక్కడెవరూ నోరు విప్పరు. నీ నాలుగు మాటలు నువ్వు చెప్పుకో. దొంగ చెయ్యి వస్తే గట్టిగా పట్టుకో."

"సరే స్వామీ."

మొదటి చెయ్యి వచ్చింది. వేడి గుడ్డ కింద నాడి మెల్లగా, పాత బండి నడిచినట్టు నడుస్తోంది. నాలుగు మాటలూ చెప్పాడు. నాలుగింటికీ ఒకే నడక. ఇది బసవలింగం, అనుకున్నాడు. "కాదు" అన్నాడు పైకి. చెయ్యి వెనక్కి పోయింది.

రెండోది సన్నటి మణికట్టు. నీళ్లు అన్నప్పుడే అదిరింది. ఆవు అన్నప్పుడూ అదిరింది. వసనాభి అన్నప్పుడు ఇంకాస్త అదిరింది. రేవణయ్యకు నవ్వొచ్చింది. ఇంత పిరికితనం శాంతయ్యకు తప్ప ఎవరికుంటుంది? "కాదు" అన్నాడు.

మూడో చెయ్యి చిల్లులోంచి వచ్చి గట్టిగా నిలబడింది. వేళ్లు ఆనించగానే రేవణయ్యకు ఒళ్లు ఝల్లుమంది. నిండుగా, తొణక్కుండా, ఏటి నీళ్లలా సాగుతున్న నాడి. నీళ్లు అన్నాడు. ఆవు అన్నాడు. బెల్లం అన్నాడు. వసనాభి అన్నాడు. ఒక్క పిసరు కదల్లేదు. మళ్లీ అన్నాడు. కదల్లేదు.

గురువుగారు తన చెయ్యి కూడా పెట్టారన్న మాట! ఇంత నిబ్బరం ఇంకెవరికి సాధ్యం? నిన్నటి నుంచి ఈయననా నేను అనుమానించింది? రేవణయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. వంగి, ఆ చేతిని రెండు కళ్లకూ అద్దుకున్నాడు. చెయ్యి చటుక్కున బిగుసుకుని, కాసేపు అలాగే ఉండి, మెల్లగా వెనక్కి పోయింది.

ఇక మిగిలింది ఒక్కతే.

నాలుగోది రావడం కాస్త ఆలస్యమైంది. గుడ్డ నిండా చుట్టి, నీళ్లు ఓడుతూ వచ్చింది. రేవణయ్య గుండె దడదడలాడింది. రోగి మణికట్టు మీద వేళ్లు ఈకలా ఆనాలి. ఆ సంగతి అతను శాంతయ్యకు వందసార్లు చెప్పి ఉంటాడు. ఇప్పుడు మాత్రం గోళ్లు తెల్లబడేలా నొక్కాడు.

"నీళ్లు" అన్నాడు. నాడి దొరికింది. వేగంగా ఉంది.

"ఆవు." ఇంకా వేగం.

"బెల్లం." ఆగాడు. తెర వైపు చూశాడు. దాని వెనక ఆమె ముఖం అతనికి స్పష్టంగా కనపడుతోంది. తల దించుకుంది. పాట లేదు. ఎక్కడ దాచిందో ఏమో, ఎవరి అన్నంలో కలపాలని దాచిందో ఏమో.

"వసనాభి."

మూడు వేళ్ల కిందా ఒక్కసారిగా గెంతింది. కప్ప కాదు, తరుముతుంటే పరుగెత్తే కుందేలు. రేవణయ్య రెండో చెయ్యి కూడా వేసి బిగించి పట్టుకున్నాడు.

"ఇదే! స్వామీ, దొంగ ఇదే! మాదన్నా, చూసినావా, పట్టుకున్నాను! తెర తీయండి!"

మాదన్న మెట్ల మీది నుంచి లేచి నిలబడ్డాడు.

గురువు తెర పక్కకు లాగారు.

అవతల బసవలింగం, శాంతయ్య, సుంకమ్మ ముగ్గురూ గోడ వారగా కూర్చుని ఉన్నారు. ఎవరి చేతులు వాళ్ల ఒళ్లోనే ఉన్నాయి. గురువు చేతిలో మూరెడు పొడుగున అరటి బోదె లోపలి దూట ఉంది. కూరకని పొద్దునే బసవలింగం ఒలిచినది. ఒక కొన ఆయన పట్టుకుని ఉన్నారు. గుడ్డ చుట్టిన రెండో కొన రేవణయ్య పట్టులో ఉంది.

గుడ్డలోంచి వావిలాకు నీళ్లు చాప మీద పడుతున్నాయి.

రేవణయ్య వేళ్లు ఇంకా దూట మీదే బిగుసుకుని ఉన్నాయి. అది ఇంకా కొట్టుకుంటూనే ఉంది. టకటకా, టకటకా. ఆ దెబ్బ తన వేళ్లలోంచే వస్తోందని తెలిశాక కూడా దాన్ని ఆపడం అతని చేతిలో లేదు.

శాంతయ్యకు నవ్వు తన్నుకొచ్చి కండువా నోట్లో కుక్కుకున్నాడు. సుంకమ్మ నవ్వలేదు.

"దీన్ని కూడా ఊరు దాటిస్తావా సామీ?" అంది.

రేవణయ్య ఆమె వైపు చూశాడు. ఆమె కుడిచేతికి తడి గుడ్డ ఇంకా చుట్టే ఉంది. మోచేతి దాకా కండ తిరిగిన చెయ్యి. రోకలి ఎత్తి ఎత్తి గట్టిపడిన చెయ్యి.

"స్వామీ," అన్నాడు, "మూడోది మీ చెయ్యి గదా?"

"నేను చెయ్యే పెట్టలేదు రేవణా."

రేవణయ్య మళ్లీ ఆ చేతిని చూశాడు. నిన్న వసారాలో కప్పలా గెంతింది ఈ చెయ్యే. ఇవాళ ఏటి నీళ్లలా సాగిందీ ఈ చెయ్యే. మధ్యలో మారింది తెర ఒక్కటే. నిన్న ఈ చేతికి ఎదురుగా తన కళ్లున్నాయి. ఇవాళ లేవు.

దూట మీద నుంచి ఒక్కొక్క వేలూ తీశాడు. చాప మీది నుంచి లేచి కింద నేల మీద కూర్చున్నాడు. సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి.

మెట్ల దగ్గర మాదన్న ఆకాశం వైపు చూశాడు. పొద్దు నడినెత్తికి వస్తోంది. ఈ దూట గొడవ ఏమిటో అతనికి అంతుపట్టలేదు. అతనికి కావలసింది ఒక పేరు.

"సామీ, పెద్దరెడ్డి కాచుకోనుండాడు. దొంగ ఎవరని చెప్పమంటారు?"

రేవణయ్య గురువు వైపు చూశాడు. గురువు దూటకు చుట్టిన గుడ్డ విప్పుతున్నారు. ఈ ప్రశ్న తనది కాదన్నట్టు తల కూడా ఎత్తలేదు.

సుంకమ్మ చూస్తోంది. రేవణయ్యకు తెలుసు, తన నోటి నుంచి వచ్చే మాట మీదే వంక ఒడ్డున పన్నెండు డేరాలు నిలబడి ఉన్నాయి. ఇంకొకటి కూడా తెలుసు. అతను ఇప్పుడు అనబోయే మాట సాయంత్రానికి ఊరంతా తిరుగుతుంది. తొమ్మిదేళ్ల పేరు ఒక్క పూటలో పోతుంది. నాడి పట్టి తిన్న తిండి చెప్పే రేవణయ్య, కుండలో విషం ఎవరు తీశారో చెప్పలేకపోయాడంటారు. ఆ తర్వాత ఈ చాప ముందుకు ఎవరొస్తారు?

"నాకు తెలియదని చెప్పు" అన్నాడు.

మాదన్న తనకు సరిగ్గా వినపడలేదనుకున్నాడు. "ఏం చెప్పమంటారు?"

"దొంగ ఎవరో తెలియదు. దొంగ ఉన్నాడో లేడో కూడా తెలియదు. డేరాల వాళ్ల జోలికి పోవద్దని చెప్పు. మఠం ఎవరి పేరూ చెప్పలేదని చెప్పు. రేవణయ్యే అన్నాడని చెప్పు."

గోడ వారన సుంకమ్మ చేతికున్న గుడ్డ విప్పి, నీళ్లు పిండి, లేచి రోలు దగ్గరికి వెళ్లిపోయింది. కాసేపటికి రోకలి చప్పుడు మొదలైంది.

మాదన్న తల గోక్కున్నాడు. ఒక మెట్టు దిగాడు, మళ్లీ ఎక్కాడు.

"తెలియదనా సామీ? మా తాత కాలం నుంచి ఈ మఠం మాటలు ఊళ్లోకి మోస్తాండాం. ఇట్లాంటి మాట ఎప్పుడూ మోయలేదే!"

"బరువేమీ ఉండదప్పా, మోసుకుపో" అన్నారు పంచాక్షరయ్యగారు.